వెలుగు తక్కువ ఇంట్లో హోయా పెంచడం, దాని పేరు కనుక్కోవడం

హోయా అంటే ఎక్కువగా దళసరి ఆకులతో తీగలా పెరిగే, ఇంట్లో పెంచుకునే మొక్క. దాన్ని పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఒకే మాట అంటారు: "నీళ్లు మానకుండా పోశాను కదా, ఎందుకు పోయింది?" నా మొదటి హోయా కూడా అలాగే పోయింది. సోఫా పక్కన బల్ల మీద పెట్టి, వారానికి రెండుసార్లు తప్పకుండా నీళ్లు పోసేదాన్ని. మూడో నెలకి ఆకులు పసుపు తిరిగి, చెయ్యి తగిలితే చాలు రాలిపోయాయి. కుండీ బోర్లించి చూస్తే వేర్లు నల్లబడి, వేళ్ల మధ్య నలిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. ఆ మొక్కని చీకటి చంపలేదు. ఆ చీకట్లో అది తాగలేనన్ని నీళ్లు చంపాయి.

వెలుగు తగ్గితే మొక్క నీళ్లు తాగడం తగ్గిస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే వెలుగు తక్కువ ఇంట్లో కూడా హోయా ఏళ్ల తరబడి ఉంటుంది. కింద రాసినవన్నీ నేను చేసే వరుసలోనే ఉన్నాయి. మీరూ ఆ వరుసలోనే చేయండి, ఎందుకంటే ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

ముందు వెలుగు కొలవండి

ఈ విషయంలో మన కళ్లను నమ్మకూడదు. మసక గదిలోకి వెళ్లిన కాసేపటికే కంటిపాప పెద్దదై అంతా బాగానే కనిపిస్తుంది. మొక్కకి ఆ సౌకర్యం లేదు. ఫోన్‌లో ఒక లక్స్ మీటర్ యాప్ (వెలుగుని లక్స్ అనే కొలతలో చూపేది) వేసుకోండి. మొక్క పెట్టాలనుకున్న చోట, ఆకులు ఉండే ఎత్తులో ఫోన్ పట్టుకుని, దాని సెన్సర్ కిటికీ వైపు ఉండేలా తిప్పండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూసి రాసుకోండి. ఫోన్ చెప్పే అంకె కచ్చితంగా ఉండదు, కానీ ఇంట్లో రెండు చోట్లను పోల్చుకోవడానికి సరిపోతుంది.

ఆరుబయట మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన కొన్ని వేలు ఉంటుంది. అదే గదిలో వెనక గోడ దగ్గర 200 చూపించడం మామూలే. నేను పెట్టుకున్న లెక్క ఇది: పగలంతా 500 లక్స్ దాటని చోట లైటు లేకుండా హోయా పెట్టను. 500 నుంచి 1,500 మధ్య ఉంటే మొక్క బతుకుతుంది, పెరుగుదల మాత్రం ఆశించను. 2,000 దాటితే కొత్త ఆకులు వస్తాయి. రోజులో చాలా గంటలు 5,000 పైన ఉంటే పూల గురించి ఆలోచించవచ్చు.

యాప్ వద్దనుకుంటే ఒక తెల్ల కాగితం మొక్క చోట పరిచి, దాని పైన ఒక అడుగు ఎత్తులో అరచెయ్యి చాపండి. వేళ్లు విడివిడిగా కనిపించేంత నీడ పడితే మంచి వెలుగు. మసక మరకలా పడితే మధ్యస్తం. నీడే కనిపించకపోతే లైటు పెట్టాల్సిందే.

కిటికీ నుంచి రెండు మూడు అడుగులు వెనక్కి జరిపినా వెలుగు సగానికి సగం పడిపోతుంది. అందుకే గది ఏ దిక్కున ఉందన్నదాని కన్నా, మొక్క గాజుకి ఎంత దగ్గరగా ఉందన్నది నేను ముందు చూస్తాను. ఇంకో పొరపాటు కూడా తరచూ కనిపిస్తుంది. కిటికీ పై అంచు కన్నా ఎత్తులో కుండీ వేలాడదీస్తారు. కిందికి దిగిన తీగలకి వెలుగు అందుతుంది గానీ కుండీ పై భాగం చీకట్లో ఉండిపోతుంది. కొన్నాళ్లకి పైన బోడిగా, కింద మాత్రమే పచ్చగా తయారవుతుంది. తాడు పొడవు పెంచండి, అంతే.

ఏ హోయా తెచ్చుకోవాలి

కార్నోసా, ప్యూబికాలిక్స్, ఆస్ట్రాలిస్. వెలుగు తక్కువ ఇంటికి మొదటి మొక్కగా ఈ మూడింట్లో ఒకటి తీసుకోండి. మూడూ తొందరగా పెరిగే రకాలు, చిన్న పొరపాట్లను తట్టుకుంటాయి. ఒబోవాటా కూడా ఫరవాలేదు. లాకునోసా ఆకులు చిన్నవి, మధ్యస్త వెలుగులో కూడా పూస్తుంది, పూలు రాత్రి పూట మంచి వాసన వేస్తాయి.

ఆకుల్లో తెలుపు, గులాబీ రంగులున్న వేరిగేటెడ్ రకాలను చూస్తే మనసు లాగుతుంది. కానీ తెల్లగా ఉన్న చోట పత్రహరితం ఉండదు, అంటే ఆకులో అంత భాగం ఆహారం తయారు చేయదు. అసలే వెలుగు తక్కువైన చోట అది మొక్కకి పెద్ద లోటు. ఆకులు మెలికలు తిరిగి తాడులా కనిపించే కాంపాక్టా కూడా మొదటి మొక్కగా వద్దు. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఆ మెలికల్లో పిండినల్లి దూరితే కనిపించదు.

కుండీలో ఒకే ఒక్క హృదయాకారపు ఆకు నాటి అమ్ముతుంటారు. అది కెర్రీ. ఆ ఆకుతోపాటు కాండం ముక్క, దాని మీద కణుపు లేకపోతే వేర్లు వస్తాయి, ఆకు ఏళ్ల పాటు పచ్చగానే ఉంటుంది, తీగ మాత్రం ఎప్పటికీ రాదు. బహుమతిగా ముద్దుగానే ఉంటుంది. మొక్క పెంచాలనుకుంటే కనీసం రెండు కణుపులున్న కాండంతో తీసుకోండి.

కుండీ, మిశ్రమం

హోయాల్లో ఎక్కువ రకాలు అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతాయి. వాటి వేర్లకి నీళ్లతో పాటు గాలి కూడా అందాలి. మామూలు తోటమట్టి వద్దు. బెరడు ముక్కలు లేదా కోకో చిప్స్ (కొబ్బరి పీచు ముక్కలు) రెండు వంతులు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు కలపండి. వెలుగు మరీ తక్కువైతే కోకోపీట్ ఇంకా తగ్గించండి. నీళ్లు పోస్తే పది సెకన్లలో అడుగున కారిపోవాలి.

కుండీ వేర్లముద్ద కన్నా రెండు సెంటీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. పెద్ద కుండీలో వేర్లు చేరని మిశ్రమం రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. అడుగున రంధ్రం లేని కుండీలో హోయా నాటకండి.

నీళ్లు: రోజులు లెక్కపెట్టకండి, ఆకుని అడగండి

"వారానికి ఒకసారి" అన్న సలహా ఎవరిచ్చినా పక్కన పెట్టేయండి. కిటికీ దగ్గర ఏడు రోజుల్లో ఆరిపోయే కుండీ గది మూలలో మూడు వారాలైనా ఆరకపోవచ్చు.

దళసరి ఆకుల హోయాలు చాలావరకు ఎడారి మొక్కల పద్ధతిలో గాలి పీల్చుకుంటాయి. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరుస్తాయి. దాంతో నీళ్లు తక్కువగా ఆవిరవుతాయి, ఆకులో నిల్వ ఉంటాయి. అందుకే నీళ్లు ఎప్పుడు కావాలో ఆకే చెబుతుంది. కుండీకి దగ్గరగా ఉన్న ముదురు ఆకుని రెండు అంచులు పట్టుకుని మెల్లగా మడవండి. బిగుతుగా ఉండి వంగనంటే నీళ్లు వద్దు. మెత్తగా, సులువుగా వంగితే పోయండి. లేత ఆకు మీద ఈ పరీక్ష పనికిరాదు, అది ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. పుట్టుకతోనే గట్టిగా ఉండే ఆకుల మీద కూడా ఇది కుదరదు, వాటికి కుండీ ఎత్తి బరువు చూడండి. నీళ్లు పోసిన రోజు బరువు చేతికి గుర్తుంటే, ఆరిన బరువు ఇట్టే తెలిసిపోతుంది.

పోసినప్పుడు మాత్రం పూర్తిగా పోయండి. మిశ్రమమంతా తడిసి అడుగున కారాలి. కారిన నీళ్లు పారబోయండి. గుక్కెడు గుక్కెడు పోస్తే పైన తడి, లోపల పొడిగా మిగులుతుంది.

ఆకులు ముడతలు పడ్డాయని వెంటనే నీళ్లు పోయకండి. ముందు వేలు లోపలికి పెట్టి చూడండి. మిశ్రమం పొడిగా ఉంటే దాహం. మిశ్రమం తడిగా ఉండి ఆకులు ముడతలు పడితే వేర్లు పోయాయని అర్థం. నీళ్లు ఉన్నా తాగడానికి వేర్లు లేవు. అప్పుడు ఇంకా పోస్తే మిగిలింది కూడా పోతుంది. మొక్కను తీసి, కుళ్లిన వేర్లు కత్తిరించి, బాగున్న తీగ ముక్కలను కొత్తగా నాటుకోండి.

ఆకులు పలచగా ఉండే బెల్లా, లీనియారిస్ రకాలది వేరే దారి. వాటి ఆకుల్లో నిల్వ తక్కువ, అందుకని పూర్తిగా ఎండిపోనివ్వకూడదు. లీనియారిస్ హిమాలయ ప్రాంతపు మొక్క, దాని ఆకులు నూగుతో సన్నటి దారాల్లా వేలాడతాయి. చల్లదనం దానికి ఇష్టం. మిగతా హోయాల్లో ఎక్కువ వాటికి 18 నుంచి 28 డిగ్రీలు హాయిగా ఉంటుంది, 10 డిగ్రీల కన్నా తగ్గితే ఇబ్బంది పడతాయి.

లైటు పెట్టాల్సి వస్తే

టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ఊదారంగు వెలుగు వెదజల్లే ఖరీదైన గ్రో లైటే కావాలని లేదు, మామూలు తెల్ల ఎల్ఈడీ బల్బుతో కూడా హోయా పెరుగుతుంది. ముఖ్యమైనది దూరం. ఆకులకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. పైకప్పుకి ఉన్న బల్బు గది మొత్తాన్ని వెలిగించినా మొక్కకి అందేది నామమాత్రం. టైమర్ పెట్టి రోజుకి 12 గంటలు వెలిగించండి. రాత్రంతా వెలిగించి ఉంచొద్దు. దళసరి ఆకులవి గాలి పీల్చుకునేది రాత్రే అని పైన చెప్పాను కదా, వాటికి చీకటి కూడా కావాలి.

ఇప్పుడు పేరు సంగతి

పెంపకం కన్నా నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. హోయాల్లో వందల జాతులున్నాయి, వాటి మీద మనుషులు చేసిన సంకరాలు మరెన్నో. కుండీల్లో గుచ్చే పేరు చీటీలు తారుమారవడం రోజూ జరిగేదే. పేరు తెలిస్తే ఎంత వెలుగు ఇవ్వాలో, ఎంత ఎండనివ్వాలో, పూల కాడని ఏం చేయాలో తెలుస్తుంది.

హోయా అన్న పేరు కూడా ఒక తోటమాలిదే. ఇంగ్లండ్‌లో సయాన్ హౌస్‌లో నార్తంబర్లండ్ డ్యూక్ తోటను చూసుకున్న థామస్ హోయ్ పేరు మీద, వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ 1810లో ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టారు. ద్రవంలో సన్నటి కణాలు అటూ ఇటూ కదలడాన్ని బ్రౌనియన్ చలనం అని చదువుకున్నామే, ఆ బ్రౌన్ ఈయనే.

మొదటి ప్రశ్న: అసలు మీ చేతిలో ఉన్నది హోయానేనా? హోయా జిల్లేడుకి చుట్టం, ఇద్దరిదీ ఒకే కుటుంబం. ఆ పోలికలు వెతకండి. ఆకులు కణుపుకి రెండు చొప్పున ఎదురెదురుగా ఉండాలి. ఆకు తుంచితే చాలా రకాల్లో తెల్లటి పాలు కారతాయి. తీగ మీద అక్కడక్కడా చిన్న గాలివేర్లు కనిపిస్తాయి. పాలు రాకపోతే, ఆకులు గుజ్జుగా ఉంటే అది పెపెరోమియా అనే వేరే ఇంటి మొక్క అయ్యే అవకాశం ఎక్కువ. డిస్కిడియా అనే తీగ మొక్క మాత్రం హోయాకి మరీ దగ్గరి బంధువు, పాలు కూడా కారతాయి. దాన్ని పూలతోనే తేల్చాలి. దాని పూలు చిన్న కూజాల్లా ముడుచుకుని ఉంటాయి, హోయా పూలు నక్షత్రాల్లా విచ్చుకుంటాయి.

ఇక జాతి. వెలుగు తక్కువ ఇళ్లలో ఉన్నవాళ్లు ఇక్కడే ఎక్కువగా తప్పుదారి పడతారు. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోలు ఎక్కువగా మంచి వెలుగులో పెరిగిన మొక్కలవి. వాటితో మీ మొక్కను పోల్చితే కుదరదు, ఎందుకంటే తక్కువ వెలుగులో ఆకు వేషం మార్చేస్తుంది. ఎరుపు తగ్గిపోతుంది. ఆకుపచ్చ ముదురుతుంది. కణుపుల మధ్య దూరం సాగుతుంది. ఆకు పరిమాణం కూడా మారుతుంది. కాబట్టి రంగు, సైజు, కణుపుల దూరం ఆధారంగా పేరు పెట్టకండి.

వెలుగుతో అంతగా మారనివి చూడండి. ఈనెలు ఎలా పరుచుకున్నాయి? తొడిమ దగ్గర నుంచే రెండు మూడు ఈనెలు చీలి పొడవునా సాగాయా, లేక నడి ఈనె నుంచి పక్కలకి చీలాయా, లేక పైకి కనిపించనే కనిపించవా? ఆకు కొన సూదిగా ఉందా, గుండ్రంగా ఉందా, లోపలికి గంటు పడిందా? ఆకు అడుగున వేలితో రాస్తే నూగు తగులుతుందా? కాండం సన్నగా వేలాడుతుందా, దేన్నైనా చుట్టుకుంటుందా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాకే ఫొటోలు చూడండి. ముందు ఫొటోలు చూస్తే, మనకి నచ్చిన పేరే మన మొక్కలో కనిపించడం మొదలవుతుంది.

కొన్ని జంటల దగ్గర అందరూ తడబడతారు. కార్నోసా, ప్యూబికాలిక్స్ తీసుకోండి. కార్నోసా ఆకు కాస్త పొట్టిగా, బిరుసుగా ఉంటుంది. ప్యూబికాలిక్స్ ఆకు పొడవుగా, కోలగా ఉంటుంది, వెండి చుక్కలు చాలావాటిలో కనిపిస్తాయి. కానీ చుక్కలు చూసి నిర్ణయించకండి, చుక్కల కార్నోసాలు కూడా ఉన్నాయి, రెండింటి సంకరాలూ ఉన్నాయి. పూసినప్పుడు పూవును వెనక్కి తిప్పి రక్షక పత్రాలు (పూరేకుల వెనక ఉండే చిన్న ఆకుల్లాంటివి) చూడండి. వాటి మీద నూగు స్పష్టంగా ఉంటే ప్యూబికాలిక్స్ అనవచ్చు. "నూగు ఉన్న రక్షక పత్రాలు" అనేదే ఆ లాటిన్ పేరుకి అర్థం.

గుండ్రటి ఆకుల మూడింటిది ఇంకో తికమక. కొన దగ్గర లోతైన గంటు పడి హృదయంలా ఉంటే కెర్రీ. దళసరిగా, దాదాపు గుండ్రంగా, తరచుగా వెండి చుక్కలతో ఉంటే ఒబోవాటా. వాటికన్నా పలచగా, నిగనిగలాడుతూ, గుండ్రటి ఆకుకి చివర చిన్న మొన ఉంటే ఆస్ట్రాలిస్ అయ్యే అవకాశం ఎక్కువ.

వాయెటీ అనే రకం విషయంలో తక్కువ వెలుగు చేసే మోసం బాగా తెలుస్తుంది. సన్నటి పొడవాటి ఆకుకి ముదురు ఎర్రటి అంచు దాని గుర్తుగా చెబుతారు. వెలుగు తగ్గితే ఆ అంచు వెలిసిపోతుంది, చూసినవాళ్లు వేరే పేరు పెట్టేస్తారు. అలాంటి అనుమానం వస్తే ఒక తీగను కిటికీకి దగ్గరగా కట్టి, అక్కడ కొత్తగా వచ్చే ఆకులు ఎలా ఉంటాయో రెండు మూడు నెలలు చూడండి. దాన్నే పోలి ఉండే కెంటియానా రకంతో తేల్చుకోవడం అప్పటికీ కష్టమే, ఆ రెండింటి చీటీలు మారిపోవడం చాలా ఎక్కువ.

ఇంత చేసినా పేరు దొరక్కపోతే చీటీ మీద "హోయా" అని, తెచ్చుకున్న తేదీ రాసి వదిలేయండి. తప్పు పేరు రాస్తే, రేపు మీరు ముక్క ఇచ్చిన ప్రతివాళ్ల ఇంటికీ ఆ తప్పు వెళుతుంది.

పురుగులు

ప్రతిసారి నీళ్లు పోసేటప్పుడు కణుపు సందుల్లోకి చూడటం అలవాటు చేసుకోండి. దూదిపింజల్లా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఒక్కొక్కటీ తుడవండి. వారానికోసారి, కనీసం నాలుగు వారాలు. ఒక్కసారితో ఆపేస్తే గుడ్ల నుంచి మళ్లీ వస్తాయి. కుండీలో వేర్ల మీద కూడా తెల్లటి పొడిలా ఉంటుందేమో చూడండి, అది వేర్ల పిండినల్లి కావచ్చు.

లేత కొనల మీద, మొగ్గల మీద పసుపు రంగు పేనుబంక గుంపులుగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. జిల్లేడు, గన్నేరు మీద ఉండేదే అది, చుట్టరికం దానికీ తెలుసు. నీళ్ల ధారతో కడిగేస్తే చాలావరకు పోతుంది.

ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నవాళ్లకి ఒక ఊరట: హోయా వాటికి విషం కాదు. కత్తిరించినప్పుడు కారే పాలు మాత్రం కొందరికి చర్మం మీద దురద పెడతాయి, కళ్లలో పడనీయకండి.

బోడి తీగలు, కొత్త మొక్కలు

ఆకు ఒక్కటీ లేకుండా బారెడు పొడవు తీగ వస్తే చాలామంది కత్తిరించేస్తారు. ఆగండి. హోయా ముందు తీగను పంపి పట్టు, వెలుగు వెతుక్కుంటుంది, ఆకులు తర్వాత వేస్తుంది. ఆ తీగను కిటికీ వైపు తిప్పి కట్టండి. కొన పచ్చగా ఉన్నంతవరకు దానికి ప్రాణం ఉన్నట్టే. కొన ఎండిపోయి గోధుమ రంగుకి వస్తే అప్పుడు తీసేయండి.

కొత్త మొక్కకి ఒకటి రెండు కణుపులున్న ముక్క చాలు. కోసిన చోట పాలు ఆరనిచ్చి, కింది కణుపు తడి స్ఫాగ్నం మాస్‌లో (నీళ్లు పట్టి ఉంచే ఎండు నాచు) కూరుకునేలా పెట్టి, పైన పారదర్శకమైన డబ్బా బోర్లించండి. చాలా రకాలకి రెండు నుంచి ఆరు వారాల్లో వేర్లు వస్తాయి. ఇంట్లో అన్నిటికన్నా వెలుగున్న చోటు ఈ డబ్బాకి ఇవ్వండి, ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. మీ దగ్గర ఒకే ఒక్క మొక్క ఉంటే ఈ పని ఇవాళే చేయండి. పెద్దది పోయినా ఈ ముక్క మిగులుతుంది.

పూసిన రోజు

తక్కువ వెలుగులో పూలు ఆలస్యమవుతాయి. కొన్నిటికి ఏళ్లు పడుతుంది. మొగ్గల గుత్తి కనిపించాక కుండీని కదపకండి, తిప్పకండి, మరీ ఎండనివ్వకండి. చోటు మారితే మొగ్గలు రాలిపోతాయి.

పూలు విచ్చుకున్నాక సాయంత్రం దాటాక దగ్గరికి వెళ్లి వాసన చూడండి, చాలా హోయాలు చీకటి పడ్డాకే గుబాళిస్తాయి. ఎదుట నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పూవు వెనక వైపు ఒకటి, గుత్తి మొత్తం కాడతో సహా ఒకటి ఫొటోలు తీయండి. పూవు పక్కన స్కేలు పెట్టండి. ఇన్నాళ్లూ ఆకుతో తేలని పేరు చాలాసార్లు ఇక్కడ తేలుతుంది.

పూలు రాలాక మిగిలిన కాడను తుంచకండి. కార్నోసా లాంటి ఎక్కువ రకాలు ఏటా అదే కాడ మీద మళ్లీ పూస్తాయి, ప్రతిసారీ అది కొంచెం పొడవవుతుంది. బెల్లా, లీనియారిస్ కాడలు మాత్రం వాటంతట అవే రాలిపోతాయి, కంగారు పడకండి. పేరు ఖాయమైతే ఆ పాత చీటీ తీసి, కొత్తది పెన్సిల్‌తో రాసి కుండీలో గుచ్చండి. పెన్ను రాత నీళ్లకి పోతుంది, పెన్సిల్ రాత ఉంటుంది.